లేడీ గారి గదిలో లేని పిట్ట

పక్కింటాయన తన చెక్క డెక్కుకు అవిసె నూనె పూస్తున్నట్టున్నాడు. ఆ వాసన కంచె దాటి మా వంటింట్లోకి వచ్చింది. ఏదో మాడుతోందేమోనని మా ఆవిడ సునీత పొయ్యి వైపు అనుమానంగా చూసింది. నేను మాత్రం కాఫీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. న్యూజిలాండ్‌లోని ఈ జాన్సన్‌విల్ కొండ మీదే, మా వీధి చివర, లేడీ గారి ముందుగది ఎప్పుడూ ఇదే వాసన వేసేది. గోడల నిండా అవిసె నూనెలో కలిపిన రంగుల బొమ్మలు, వాటిలో కొన్ని ఇంకా ఆరనివి.

లేడీ గారు అని పేరు పెట్టింది నేనే. ఇంగ్లాండులో పెద్ద జమీందారీ కుటుంబంలో పుట్టినందుకు ఆవిడ పేరు ముందు లేడీ అన్న మాట ఉండేది. అంత వయసు మనిషిని గారు తగిలించకుండా పిలవడానికి నాకు నోరు రాలేదు. అర్థం చెబితే, “అంటే రెండుసార్లు గౌరవమా? ఉంచండి మిస్టర్ మూర్తీ, ఈ వయసులో ఏదీ వదులుకోకూడదు,” అన్నారు. ఆవిడ అన్నదంతా ఇంగ్లీషులోనే, తెలుగు నాది.

పుట్టింటి వాటాగా ఆవిడకు వచ్చినవి పూర్వీకుల చిత్తరువులు. పెళ్లయి న్యూజిలాండ్ వచ్చినప్పుడు ఆ పెద్దమనుషులందరూ ఓడలో వెంట వచ్చారు. ఆవిడ చిత్రకళ చరిత్ర రాస్తూ, లావుపాటి పుస్తకాలు అచ్చువేస్తూ, ఒక్కొక్కరినే అమ్మేశారు. “ఒక ముత్తాతను అమ్మితే ఇద్దరు చిత్రకారులు హాయిగా బతుకుతారు. ఆయన బతికున్నప్పుడు ఎవరినీ బతికించలేదు లెండి,” అనేవారు. నేను చూసేనాటికి బుర్రమీసాల పెద్దాయన ఒక్కడే మిగిలాడు. ఈయన మీద ప్రేమ ఎక్కువా అని అడిగాను. “కాదు, ఎవరూ కొనలేదు.”

మా పరిచయం గాలి పుణ్యం. మా దండెం మీది లుంగీ ఎగిరి వెళ్లి ఆవిడ గులాబీల మీద పడింది. తెచ్చుకోవడానికి వెళ్లి, ఊరికే ఉండక, ఇదేం గాలి, కిందటేడు ఇదే లుంగీ సముద్రం దాటి దక్షిణ ద్వీపం చూసి వచ్చిందని చెప్పాను. ఆవిడ నవ్వలేదు. “వెళ్లిన గాలి ఎటువైపుది? మరి తిరిగి తెచ్చింది?” అని అడిగారు. ఉత్తరపు గాలి, దక్షిణపు గాలి అని తడుముకుని చెప్పాను. “దిక్కులు సరిపోయాయి. మంచి అబద్ధం. లోపలికి రండి, టీ తాగుదాం.”

అప్పటికే ఆవిడ చూపు మధ్యలో మసక కమ్మేసింది. అంచులు తప్ప ఏమీ కనిపించేవి కావు. బొమ్మల కోసమే బతికిన మనిషికి బొమ్మలు కనిపించకుండా పోయాయి. చదువుకున్న వాళ్లెవరైనా వచ్చి వర్ణిస్తే, లోతుగా ఉంది, సమతూకంగా ఉంది అనేవారట. “ఆ మాటల్లో నాకు ఒక్క గీత కూడా కనిపించదు,” అని ఆ పనికి నన్ను పెట్టుకున్నారు. సునీత విని, “మీ నోటితోనా? ఆవిడకు ఉన్న చూపు కూడా పోతుంది,” అంది.

ఆ గదిలో బాగుంది అన్న మాట నిషేధం. ముందు ఏముందో చెప్పాలి, తరువాత వెలుగు ఎటునుంచి పడుతోందో చెప్పాలి. చెరువంత గిన్నె అంటే, “మనిషి చేతికి పడుతుందా పట్టదా?” అని అడిగేవారు. కోర్టులో సాక్షిని ప్లీడరు తిప్పినట్టు తిప్పి, నా ఎచ్చులన్నీ వలిచి, లోపలి బొమ్మను తీసుకునేవారు. అలా చెప్పీ చెప్పీ నాకూ చూడడం వచ్చింది.

ఆవిడ పెరట్లో ఒక గది ఉండేది. ఏటా ఒక చిత్రకారుడికో చిత్రకారిణికో ఏడాదిపాటు పని చేసుకోవడానికి ఇచ్చేవారు. ఆ ఏడు మన రేవతి అడిగింది. అనంతపురం పిల్ల, పగలు సాఫ్ట్‌వేర్ టెస్టింగు, మిగిలిన పొద్దు గరాజులో కారు పక్కన బొమ్మలు. ఆవిడకు చూపించడానికి తెచ్చిన బొమ్మను కారులోంచి దించుతూ నా చెవిలో చెప్పింది: “అన్నా, ఈ రూము గాని రాకపోతే ఇంగ ఇడిసిపెడతా. ఉద్యోగమూ, పిల్లోడూ, ఇదీ, మూడూ నాతో కాదు. నువ్వే కొంచెం బాగా చెప్పన్నా.”

నేను చూశాను. సింకు దగ్గర అటు తిరిగి నిలబడిన ఆడమనిషి. కుడివైపు కిటికీ, అందులోంచి వెలుగు. ఎడమ సగం మాత్రం ఉత్త గోడ, మాసిన పసుపు రంగు, ఏమీ లేదు. సగం వేసి వదిలేసిందని ఆవిడ అనుకుంటే రేవతి పని అయిపోయినట్టే. అందుకని అన్నీ చెప్పి, చివర, “ఎడమవైపు సింకు గట్టు కొసన చిన్న పిట్ట వాలి ఉంది,” అన్నాను.

“నీడ ఎటు పడింది?”

నేను బొమ్మకేసి మళ్లీ చూశాను. “నీడ వెయ్యలేదండీ.”

“కిటికీ నీడ, మనిషి నీడ వేసిన అమ్మాయి పిట్టకు మరిచిపోయిందా? అయితే పిట్ట లేదు.”

రేవతి తల దించుకుంది. లేడీ గారు కప్పు కింద పెట్టారు.

“మిస్టర్ మూర్తీ, ఇంతవరకు మీరు ఉన్నదాన్ని పెంచి చెప్పారు. లేనిదాన్ని తేవడం ఇదే మొదలు. ఎందుకు తెచ్చారు?”

“అక్కడ ఏమీ లేదు లేడీ గారూ. చూస్తుంటే ఇప్పుడే ఎవరో లేచి వెళ్లిపోయినట్టుంది. నాకు ఉండబట్టలేదు.”

ఆవిడ రేవతి వైపు తిరిగారు. “అక్కడ ఏదైనా వేసి తీసేశావా అమ్మాయీ?”

“ఒక మనిషిని వేసినానండి, స్టూలు మీద. బొమ్మలో ఆమె ఉన్నంతసేపూ సింకు కాడ ఈమె వంటరిగా అనిపించలేదు. అందుకని తుడిచేసినా.”

లేడీ గారు ఆ ఖాళీ ఉన్న వైపు ముఖం తిప్పారు. “నా వృత్తిలో నిజం చెప్పేవాళ్లు పెద్దగా పనికిరారు. మనిషి ఎక్కడ అబద్ధం ఆడాడో తెలిస్తే చాలు, ఆ చోటులో ఏదో ఉందని అర్థం. ఈయన చేత పిట్టను వేయించింది ఈ గోడే. గది తాళం ఆ కొక్కేనికి ఉంది, తీసుకో.”

రేవతి ఏడాదంతా ఆ గదిలో పనిచేసింది. చివరి నెలల్లో లేడీ గారు మంచం మీది నుంచే ఒక్కొక్క బొమ్మా నా చేత చెప్పించుకున్నారు, ఒక్కొక్క నీడా అడిగి. ఆవిడ పోయినా రేవతి వెయ్యడం మానలేదు.

మొన్న కొత్త స్కూలు నుంచి మా అమ్మాయి మేఘనను తెస్తున్నాను. “లంచ్‌లో నా పక్కన కూర్చోడానికి పెద్ద క్యూ, నాన్నా, టీచర్లే వచ్చి కంట్రోల్ చెయ్యాల్సి వచ్చింది,” అంది ఇంగ్లీషులో. ఒకప్పుడైతే వంశం నిలబెట్టిందని మురిసిపోయి, దాని మీద ఇంకో క్యూ నేను కట్టేవాణ్ణి. కారు పక్కకు తీసి ఆపాను. “ఇవాళ ఎక్కడ కూర్చుని తిన్నావమ్మా?” అని అడిగాను.

“మెట్ల మీద, ఒక్కదాన్నే,” అంది కిటికీ వైపు తిరిగి. నేను ఇంజన్ ఆపేశాను.