హారతి పాట మధ్యలో అడిగిన లెక్క

నష్టాల్లో ఉన్న నూలు మిల్లును ఆదుకోవడానికి సర్కారు పైసలిచ్చిందని పేపర్‌లో చదివిన రోజు దేవునికి దండం పెట్టుకున్నాను. నేను బడికి పోలేదు. నాయిన ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు. ఆయన పుణ్యాన ఆ వార్త నేనే చదివి, ఆ మిల్లులోనే పనిచేసే మా ఇంటాయనకు వినిపించాను. ఆగిపోయిన సగం మిషన్లు కూడా ఇక తిరుగుతాయనుకున్నాం.

వానలు పోయి చలి వచ్చినా తిరగలేదు. పైగా మనుషులను తీసేస్తారని గేటు దగ్గర మాట పుట్టింది. ఓనర్లు సిద్దిపేటలో షోరూం కడుతున్నారని ఇంకో మాట. ఆ పైసలు తానే ఇప్పించానని మా ఎమ్మెల్యే మాత్రం ఫ్లెక్సీలు కట్టించుకున్నాడు.

మహిళా సంఘం భవనం ప్రారంభానికి ఆయన వస్తున్నాడన్నారు. నాకు పాటలు వచ్చని మంగళహారతి పళ్లెం నా చేతికిచ్చారు. మా దగ్గర హారతి పాట అయ్యేదాకా ఎదుటి మనిషి కదలడు. మిల్లు పైసల లెక్క అడగడానికి అంతకంటే మంచి సమయం దొరకదనిపించింది.

మా ఇంటాయన కనిపెట్టినట్టే ఉన్నాడు. "పాడి రా, గంతే. ఏమన్న అడిగినవనుకో, తీసేసెటోళ్లల్ల ముందు నేనే ఉంట."

"నేనేమడుగుత తియ్యి," అన్నాను.

ఎమ్మెల్యేకు బొట్టు పెట్టి ఒక చరణం పాడాను. ఆయన పళ్లెంలో నోటు వేశాడు. నా పాట ఆగిపోయింది.

"సారూ, మిల్లుకిచ్చిన పైసలు ఏడికి పోయినయి?"

వెలుగుతున్న దీపాన్ని అడ్డం పెట్టుకుని అడిగానే, పాపమేమో అనిపించింది.

"పాట మర్చిపోయినవా అమ్మా?" అని ఆయన నవ్వాడు.

వెనక నుంచి సంఘం అధ్యక్షురాలు అందుకుంది. "మర్చిపోలే సారూ. మీరు చెప్పినంక పాడుతది. గప్పటిదాంక నూనె మేం పోస్తం."

ఆడవాళ్లంతా గొల్లున నవ్వారు.

"మిల్లోళ్లు ఎట్ల ఖర్సు పెట్టుకుంటరో నాకేం తెలుస్తదమ్మా?"

"ఇప్పించింది మీరే అంటిరి గద సారూ. మీరడగకుంటె ఇంకెవరడగాలె?" అన్నాను.

ఆయన చుట్టూ చూశాడు. "సోమవారం మిల్లు కాడికే వస్త. లెక్క చెప్పిపిస్త." మిగిలిన పాట ఎట్లా పాడానో నాకే తెలియదు.

సాయంత్రమే సూపర్‌వైజర్ ఫోన్ చేసి, చెప్పేదాకా డ్యూటీకి రావద్దని మా ఇంటాయనతో అన్నాడు. ఆయన నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. దీపం పెట్టుకుని కూర్చున్నానే గాని మంత్రం నోటికి రాలేదు.

సోమవారం సంఘం ఆడవాళ్లం గేటు దగ్గర నిలబడ్డాం. ఇంత మంది నా పక్కన ఉన్నందుకు దేవునికి మొక్కుకున్నాను. మా ఇంటాయన దూరంగా నిలబడ్డాడు. ఎండ ఎక్కాక ఎమ్మెల్యే కారు వచ్చింది. మేనేజర్ ఎదురొచ్చి, "లోపట ఏసీల కూసుందాం సార్," అని దారి చూపించాడు. ఆయన అటు నడిచాడు.

"సారూ, లోపట గాదు. గీడనే, అందరి ముందట చెప్పిపియ్యిన్రి."

ఆ గొంతు మా ఇంటాయనది. మేనేజర్ ఆయన ముఖాన్ని గుర్తుపెట్టుకునేటట్టు చూశాడు. ఎమ్మెల్యే గేటు దాటకుండా ఆగి, కుర్చీలు బయటికి తెమ్మన్నాడు.