డాక్టరమ్మ కారు పెట్టెలో చిలుము

1995 జూన్‌లో నన్ను బిలాస్‌పూర్‌లో రైల్వే టెలికాం రిపేర్ గదికి ఇన్‌చార్జిగా వేశారు. హోదా టెలికాం ఇన్‌స్పెక్టర్. గార్డుల వాకీటాకీలు, స్టేషన్ల కంట్రోల్ ఫోన్లు, వాటి లోపలి సర్క్యూట్ బోర్డులు పాడైతే మా గదికి వచ్చేవి. నా కింద ఐదుగురు మెయింటైనర్లు ఉండేవారు. వారిలో సింహాచలం ఒకడు. సామాన్లు మోసే ఖలాసీగా చేరి, పరీక్షలు రాసి ఆ మెట్టుకు వచ్చినవాడు.

మా తాతగారికి పాలకొండ వైపు పదకొండు గ్రామాల శిస్తు వచ్చేది. అదంతా కోర్టుల్లో కరిగిపోయాక మా నాన్నగారు బుకింగ్ క్లర్కుగా ఈ ఊరు వచ్చారు. నేను డిప్లొమా చదివి, మా వంశంలో చేత్తో పనిచేసిన మొదటివాణ్ని అయ్యాను. ఎస్టేటు ఎలాగూ లేదు, పనిలోనైనా నాకు పైన ఎవరూ ఉండకూడదనుకున్నాను. సింహాచలం ఉన్నంతకాలం అది కుదరలేదు.

సర్క్యూట్ డయాగ్రమ్ చదవడంలో అతను నాకు సాటి కాడు. కానీ నేను 'మరమ్మతుకు పనికిరాదు' అని రాసి పక్కన పడేసిన బోర్డు అతని బల్ల మీద రెండు రోజుల్లో పలికేది. అధికారులు ఫోన్ చేసి, "సింహాచలం ఉన్నాడా?" అని అడిగేవారు. లేడంటే పెట్టేసేవారు. ఇన్‌చార్జినైన నేను రిసీవర్ పట్టుకుని నిలబడే ఉండేవాణ్ని.

అతనికి ఒక పద్ధతి ఉండేది. వాకీటాకీ బ్యాటరీ కారి బోర్డు మీద పచ్చగా చిలుము పడితే, దాన్ని వేడినీళ్ళ మగ్గులో ముంచి పాత టూత్‌బ్రష్‌తో తోమేవాడు. చేరిన నెలలోనే నేను ఆర్డరు బుక్కులో రాశాను: ఎలక్ట్రానిక్స్ బల్లల మీద నీళ్ళు నిషేధం. కారణం భద్రత అని రాశాను. అది అతని పద్ధతి కావడమే అసలు కారణం. అతను చదివి, సంతకం పెట్టి, "అచ్ఛా సార్" అని తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆగస్టులో డాక్టర్ కామేశ్వరి గారు వచ్చారు. రైల్వే ఆసుపత్రిలో రిటైరయ్యాక వారానికి మూడు రోజులు దగ్గర్లోని మస్తూరీ అనే ఊరు వెళ్ళి రోగులను చూసేవారు. ఆవిడది పదేళ్ళ నాటి జపాన్ కారు, దేశం విడిచి వెళ్తున్న ఒక విదేశీ ఇంజనీరు దగ్గర కొన్నది. దానికి కార్బొరేటర్ ఉండదు. ఇంజనుకు ఎంత పెట్రోలు అందాలో లెక్కకట్టే ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్ ఉంటుంది. అంటే ఒక అల్యూమినియం పెట్టె, అందులో ఒక బోర్డు. ఏసీ నీళ్ళు కారి ఆ పెట్టెలోకి దిగాయి. ఇంజను అందుకున్నట్టే అందుకుని ఆగిపోతోంది. కొత్త పెట్టె మన దేశంలో దొరకదని మెకానిక్ తేల్చేశాడు. ఆ బోర్డు పోతే కారు పోయినట్టే, మస్తూరీ ప్రయాణాలు ఆగినట్టే.

ఆవిడ నా ఎదుట కూర్చుని, "ఇక్కడ సింహాచలం అనే ఆయన ఉన్నారటండీ, ఆయనకి చూపించాలి," అన్నారు. అతను ఆరోజు చాంపా స్టేషన్‌కి డ్యూటీ మీద వెళ్ళాడు. సాయంత్రానికి వచ్చేస్తాడు. ఆ మాట నేను చెప్పలేదు. నేను చూస్తానని పెట్టె తీసుకున్నాను.

ప్రైవేటు పని ఆఫీసు బల్ల మీద చేయకూడదు కాబట్టి ఆదివారం మా క్వార్టర్‌లో విప్పాను. నీళ్ళ తడి ఒక్కటే కాదు, లోపల మూడు కెపాసిటర్లు కూడా కారాయి. కెపాసిటర్ అంటే కరెంటును కాస్త నిలవ ఉంచే చిన్న డబ్బా. దానిలోని ద్రవం రాగిని తినేస్తుంది. సోల్డరింగ్ ఐరన్ తగిలించగానే చేపల కంపు కొట్టింది. కారిన కెపాసిటర్‌కి అదే గుర్తు. మూడూ తీసి కొత్తవి వేశాను. బోర్డు మీద కరెంటు నడిచే రాగి గీతను ట్రాకు అంటారు; తెగిన ట్రాకు ఒకదాని స్థానంలో సన్నని తీగ అతికించాను. బోర్డంతా స్పిరిట్‌తో తుడిచి, మళ్ళీ తడి తగలకుండా వార్నిష్ పూశాను. సోమవారం కారు స్టార్టయింది. డాక్టరమ్మ నాకు స్వీటు పెట్టె పంపారు. దాన్ని ఆఫీసుకి తీసుకువెళ్ళి అందరికీ నేనే పంచాను, సింహాచలానికి మొదట ఇచ్చాను.

అతను కోవా బిళ్ళ నోట్లో వేసుకుని, "వార్నిష్ కూడా ఏసేసినారా సార్?" అని అడిగాడు. వేశానన్నాను. అతను చేతులు తుడుచుకుని తన బల్ల దగ్గరికి వెళ్ళాడు.

పదకొండో రోజున కారు మస్తూరీ దారిలో ఆగిపోయింది. ఆవిడ బస్సులో తిరిగివచ్చి పెట్టెను నా బల్ల మీద పెట్టారు. కోప్పడలేదు. నేను మూత తీసి చూశాను. వార్నిష్ కింద చిలుము మళ్ళీ పెరిగింది. అంతకుముందు బాగున్న ట్రాకులు రెండు మాయమయ్యాయి. ఇంకోసారి పొరపాటైతే ఆ బోర్డు మిగలదు. గదిలో ఐదుగురూ తల వంచుకుని పని చేస్తున్నారు. నేను పెట్టె పట్టుకుని సింహాచలం బల్ల దగ్గరికి నడిచాను. పన్నెండు అడుగులు ఉంటాయేమో.

అతను లెన్సు పెట్టి చూశాడు. కడిగి ఉంటే ఇలా అయ్యేదా అని అడిగాను.

"అయ్యేది కాదు సార్. స్పిరిట్‌కి జిడ్డు పోతాది. కారిన రసం ఎండి మిగిలిన ఉప్పు పోదు. ఉప్పుకి నీళ్ళే కావాల. ఉప్పు ఉండగా వార్నిష్ ఏస్తే లోపల్లోపలే తినేస్తాది."

మరి ఆరోజే చెప్పలేదేమని అడిగాను.

"ఏటి సెప్తాను సార్? నీళ్ళొద్దని మీరే రాసినారు, నాను సంతకం ఎట్టినాను."

పక్క బల్ల నుంచి ఎవరో దగ్గారు. అది నవ్వేనని నాకు తెలుసు.

ఆ ఆదివారం అతని క్వార్టర్‌కి వెళ్ళాను. వాళ్ళమ్మ గుమ్మంలోనే, "బాబుగారు మనింటికొచ్చినారేటి! కూకోండి బాబూ," అని కుర్చీ తుడిచింది. నీళ్ళు కాచమని కొడుకు అడిగితే, "ఆ టీ గిన్నె మాత్రం ముట్టుకున్నావంటే సూడు! నీ బోర్డులు కడిగి కడిగి నా గిన్నెలన్నీ పాడుసేసినావు," అని వేరే గిన్నె ఇచ్చింది.

సింహాచలం ముందు థిన్నర్‌తో వార్నిష్ తీశాడు. కారిన ద్రవానికి విరుగుడుగా నీళ్ళు కలిపిన వెనిగర్ అద్దాడు. తర్వాత వేడినీళ్ళలో ముంచి మెత్తని బ్రష్‌తో తోమాడు, చివర డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు కడిగాడు. అతని వేళ్ళు ఎక్కడా తొట్రుపడలేదు. అవి ఒక్కసారి జారితే బాగుండునని నేను కోరుకున్నాను. బోర్డు పోతే మస్తూరీలో రోగులకు డాక్టరు ఉండరని తెలిసీ కోరుకున్నాను.

జారలేదు. అట్టపెట్టెలో బల్బు కింద బోర్డును మధ్యాహ్నం దాకా ఆరబెట్టాం. మాయమైన రెండు ట్రాకులు ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్ళాలో అతనికి అంతుపట్టలేదు. ఆ పెట్టెకు డయాగ్రమ్ లేదు. ఐసీ చిప్పుల మీది నంబర్లు డేటా బుక్కులో వెతికి, ఏ కాలు దేనికి కలవాలో నేను కాగితం మీద గీసి ఇచ్చాను. అతను ఆ ప్రకారం తల వెంట్రుకంత తీగలు వేశాడు. "ఇది నా వల్ల అయ్యేది కాదు సార్," అన్నాడు. ఆ మాట విని సంతోషించి ఉండవలసింది. అతను అంత సులువుగా అనగలిగినందుకు ఇంకా మండింది.

ఈసారి వార్నిష్ వెంటనే పూయలేదు. వారం నడిపి, విప్పి, చిలుము లేదని చూసుకున్నాకే పూశాం. కారు మస్తూరీ వెళ్ళి వస్తూనే ఉంది.

డాక్టరమ్మ కృతజ్ఞతలు చెప్పడానికి నా దగ్గరికే వచ్చారు. మొదటిసారి చెడగొట్టింది నేనని, రెండోసారి నిలబెట్టింది సింహాచలమని చెప్పాను. ఆవిడ లేచి అతని బల్ల దగ్గరికి వెళ్ళారు. అరగంట అక్కడే స్టూలు మీద కూర్చుని వాళ్ళమ్మ మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడారు. ఆ అరగంటలో నేను ఒకే ఫైలు మూడుసార్లు చదివాను.

మర్నాడు ఆర్డరు బుక్కులో పాత ఆర్డరు రద్దు చేసి కొత్తది రాశాను: చిలుము పట్టిన బోర్డును ముందు కడగాలి, పూర్తిగా ఆరబెట్టాలి, వారం పరిశీలించాకే వార్నిష్ పూయాలి. ఈ పద్ధతి మెయింటైనర్ సింహాచలానిదని కింద రాశాను. ఆ పేరు రాయడానికి నాకు చాలాసేపు పట్టింది. తనిఖీకి వచ్చిన అధికారి అది చదివి, మిగతా రిపేర్ గదుల వారికి నేర్పడానికి అతన్ని పంపమన్నారు. అతన్ని పంపే రిలీవింగ్ మెమో మీద సంతకం పెట్టింది నేనే. అతను తిరిగివచ్చేసరికి అతని పేరు నాలుగు స్టేషన్లకు కాక నలభై స్టేషన్లకు తెలిసింది. నాకు అసూయ తగ్గలేదు. రిటైరయ్యేదాకా తగ్గలేదు.

అసూయ పోయాక అడుగుదామని కూర్చుంటే ఈలోగా బోర్డు పోతుంది. అసూయ ఉండగానే లేచి వెళ్ళి అడగాలి. మిగిలిన సర్వీసంతా నేను అలాగే అడిగాను. ఒక్కసారీ నాకు సులువు కాలేదు, కానీ బోర్డులు నిలిచాయి.