కుక్కల మిలటరీ

వానకు తడిసిన తోలుచెప్పుల వాసన తగిలితే ఇప్పటికీ నాకు మా దానియేలు చిన్నాన్న సంచి గుర్తొస్తుంది. చిలకలూరిపేట అవతలి మా పల్లెకు ఆయన సెలవు మీద వచ్చినప్పుడల్లా అందులో మాకు బిస్కెట్లు, నాయనమ్మకు ఉన్ని శాలువా, అన్నిటికీ అడుగున నూనె పట్టించిన తోలుపట్టీ ఒకటి ఉండేవి. మిలటరీ అంటే తుపాకీ పట్టడమే అనుకునే ఊరికి, భూమిలో పాతిన బాంబుల్ని వాసన పట్టే కుక్కను నడిపించడం ఆయన ఉద్యోగమని తెలిశాక, ఆయన పేరు ‘కుక్కల మిలటరీ’ అయిపోయింది.

క్రిస్మస్‌కు నాయనమ్మ అరిసెలు వత్తుతుంటే, బెల్లంపాకం వాసనలో పొయ్యి దగ్గర చేరి తన కుక్క రోజీ కబుర్లు చెప్పేవాడు. పొద్దున్నే దాని ఒళ్లు దువ్వి, కాలివేళ్ల సందుల్లో ముళ్లు వెతికేవాడట. మంచులో అది ముందు నడిస్తే, వెనక ఈయన, ఆ వెనక జవాన్లు. బాంబు పసిగడితే మొరగదట, చప్పుడు చేయకుండా కూర్చుంటుందట.

ఒక ఏడు పెన్షన్ తీసుకుని వచ్చేశాడు. అంతకు కాస్త ముందే రోజీకి వెనక కాళ్లు పడిపోయాయి. పనికిరాని కుక్కను మిలటరీ వాళ్లే ఇంజెక్షన్‌తో చంపేసే రోజులవి. తల ఒడిలో పట్టుకున్నది చిన్నాన్నే. జ్వరానికి సూది అనుకుని అది తనంతట తానే కాలు చాపిందని నాయనమ్మకు ఒక్కసారే చెప్పాడు. ఆ మాట మిరపచేల మీదుగా ఊళ్లో పెద్ద రైతు రాఘవయ్య గారి అరుగు దాకా వెళ్లింది.

మా నాయనమ్మ కూలికి పోయేది ఆయన చేలోకే. ఆ వేసవి ముందు కళ్లం నిండా ఎర్రగా కాయలు ఆరబోసి ఉండగా, ఆ ఘాటుకు ఊరంతా తుమ్ముతుండగా, కుక్కలు రాశులెక్కి పాడుచేస్తున్నాయని చిన్నాన్నను పిలిపించాడు. నీకు అలవాటేగా, వాటి సంగతి చూడమన్నాడు. చిన్నాన్న తన వల్ల కాదన్నాడు. రాఘవయ్య కోప్పడలేదు. మర్నాటి నుంచి నాయనమ్మను కోతకు రావద్దన్నాడు, అంతే.

వారం తిరక్కుండా ఆయన పాలేర్లు చేపతలల అన్నంలో గుళికల మందు కలిపి కళ్లం చుట్టూ పెట్టారు. తెల్లారేసరికి కుక్కలు ఎక్కడివక్కడ పడి ఉన్నాయి. వాటిని దానియేలు ఈడ్చేస్తే ముసల్దాన్ని పనిలోకి రానిస్తానని కబురొచ్చింది.

చిన్నాన్న వెళ్లాడు. తాడు కట్టి ఒక్కొక్కటే వాగు గట్టుకు లాగాడు. ఒక గోధుమరంగు కుక్కకు ఇంకా ప్రాణం పోలేదు. నురగ కక్కుతున్న దాని తల ఒడిలో పెట్టుకుని, ఏవో హిందీ మాటలు మెల్లగా చెబుతూ కూర్చున్నాడు. కూలీలంతా చూస్తుండగా రాఘవయ్య నవ్వాడు.

“ఏరా, మిలటరీలో నేర్పింది ఇదేనా?”

చిన్నాన్న తలెత్తలేదు.

“ఇదేనండీ.”

మర్నాడు నాయనమ్మ కోతకు వెళ్లింది. చిన్నాన్న ఆ తర్వాత పేటలో పత్తి జిన్నింగు మిల్లుకు కాపలాగా కుదిరాడు. మళ్లీ కుక్కను ముట్టుకోగా నేను చూడలేదు. చనిపోయిన రోజు సమాధి తవ్వడానికి వచ్చినవాళ్లు కూడా కుక్కల మిలటరీ ఇల్లెక్కడని అడిగే వచ్చారు.

కళ్లాలిప్పుడు ప్లాట్లయ్యాయి, కాయలు కోల్డ్ స్టోరేజీలకు పోతున్నాయి, రాఘవయ్య గారి అరుగూ లేదు. ముసలివైన మిలటరీ కుక్కల్ని అడిగినవాళ్లకు పెంచుకోవడానికి ఇస్తున్నారని మొన్న పేపర్లో చూసి నాయనమ్మకు చదివి వినిపించాను.

“తెచ్చుకున్నా, మనూళ్లో దాన్ని బతకనిచ్చేవాళ్లా?” అంది.