రాళ్లవాన మూసిన మొరం బాట

అది 1964. ఆదిలాబాద్ జిల్లాల ఇచ్చోడ అవతల ఒక సర్కారు విత్తనాల ఫారం ఉండేది. నేను అందుల ట్రాక్టర్ డ్రైవర్‌ని. ఫారం మొత్తానికి ఒక్కటే చిన్న ట్రాక్టర్. దాని వెనుక నాగలి తగిలించి దున్నేది, బ్లేడ్ తగిలించి మడి చదును చేసేది. బ్లేడ్ అంటే మనిషి నిలువంత పొడవుండే మందపు ఇనుప పలక. దాన్ని ఎత్తి దించేది హైడ్రాలిక్ లిఫ్ట్. సీటు పక్కన చిన్న పిడి జరిపితే నూనె బలంతోని పలక లేస్తది, దిగుతది.

ఫారం నుంచి పెద్ద రోడ్డుకు నాలుగు ఫర్లాంగుల మొరం బాట, ఎర్ర కంకరమట్టి పోసి గట్టి చేసింది. నడుమ చిన్న గుట్టను తవ్వి బాట తీసిండ్రు. అక్కడ రెండు దిక్కుల మట్టికట్టలు, వాటి కింద నీళ్లు పోయే కాలువలు, నడుమ లారీ పట్టేంత జాగ.

మార్చిల ఒకనాడు మధ్యాహ్నం రాళ్లవాన పడ్డది. చిన్నప్పటి నుంచి ఎన్నో చూసిన గని గసొంటిది చూడలే. నిమ్మకాయలంత వడగండ్లు అరగంట సేపు కురిసినయి. ఆగి చూస్తే చేన్లన్నీ తెల్లగున్నయి. గోదాం పెంకులు పగిలినయి, పుచ్చిన దూలం విరిగింది. కింద కూసొని విత్తనాలు ఏరుతున్న సాయవ్వ తొడ మీద పడ్డది ఆ దూలం. ఎముక విరిగి తోలు చీల్చుకొని బయటికొచ్చింది. నెత్తురు కారుతుంటే నా రుమాలుతోని పైన బిగించి కట్టిన. ఆదిలాబాద్ పెద్ద దవాఖానకు పోతే తప్ప బతకదని చూసినోళ్లందరికీ తెలిసింది.

ఫారం లారీ నడిపేది మహబూబ్ భాయ్. మంచంతో సహా సాయవ్వను లారీలకెక్కించి బయలెల్లిండు. నేను, ఇంకా కొందరం లారీ వెనుకనే నడుసుకుంట పోయినం. గుట్ట కాడికి పోంగనే బండి ఆగింది. కట్టల మీది నుంచి జారిన వడగండ్లన్నీ బాటల కుప్పవడి మోకాలు లోతయినయి. వంద గజాల దాకా బాటే కనవడలే. లారీ రెండుసార్లు ముందుకురికింది, రెండుసార్లు జారి కాలువ దిక్కు ఒరిగింది.

మహబూబ్ భాయ్ కిందికి దిగి, "నాతోని కాదు భాయ్. టైర్లకు పట్టే లేదు. నీ ట్రాక్టర్ మీదనే తీస్కపోతవా?" అన్నడు.

"నా బండి మీద మూడు గంటల బాట. గా కుదుపులకు ఆమె ఆగది. బ్లేడ్ కట్టుకొస్త, బాట తీస్త," అన్న.

మా వెంట వచ్చిన ఫారం సూపరింటెండెంటు గారు గుంటూరు వైపు మనిషి. "మొన్ననే కొత్త మొరం పోసి రోలర్ తిప్పించాం కదయ్యా. అదంతా లేచిపోదూ? పది మందిని పెట్టి పారలతో తీయిద్దాం," అన్నారు.

"పారలతోని తీస్తే పొద్దుగూకుతది సార్," అన్న. ఆయన లారీల మంచం దిక్కు చూసి, "సరే, కానీ," అన్నారు.

బ్లేడ్‌ను వెనుకకు తిప్పి తగిలించి, బండిని రివర్స్‌ల నడుపుకుంట వడగండ్లను నూకుడు మొదలువెట్టిన. నా టైర్లు తీసిన జాగ మీదనే ఉంటయని అట్ల చేసిన. కని తొందరల బ్లేడ్‌ను నేలకు ఆనించిన. పది గజాలు అద్దం లెక్క సాఫయింది. సంబురపడ్డ. ఇంతల నా వెనుక టైరే ఉన్నకాడ తిరగవట్టింది. చూస్తే వడగండ్లతోని మొరం కూడ లేచిపోయింది. కింద నల్లరేగడి తడిసి బురదయింది. చెక్కలు వెట్టి, మనుషులు నూకితే గని బండి బయటవడలే. ఇరవై నిమిషాలు పోయినయి. సూపరింటెండెంటు గారు అన్నట్టే అయింది.

ఇంజన్ ఆపి కిందికి దిగిన. ఒకచోట రాయి తగిలి బ్లేడ్ ఎగిరినట్టుంది, అక్కడ రెండు వేళ్ల మందం మంచు మిగిలింది. దాని కింద మొరం కదలలే. కాలువెట్టి తొక్కిన. మంచు చిట్లి కంకర మొనలు తేలినయి, చెప్పు జారలే. అంటే మొత్తం తియ్యొద్దు, జర మిగిల్చాలె. లిఫ్ట్ పాతది, పలక దానంతటదే కిందికి జారుతది. అందుకని రెండు టేకు ముక్కలు తెచ్చి, బ్లేడ్ రెండు కొసల కింద తీగతోని గట్టిగ కట్టిన. ఇగ పలక నేలకు రెండు వేళ్ల ఎత్తు కన్న కిందికి దిగదు.

మళ్ల ఇంజన్ చాలు చేసిన. బ్లేడ్ ఒక పక్కకు వాలుగ ఉంది కాబట్టి వడగండ్లు కాలువలకు పోతున్నయి. ఐదు గజాలు నూకుడు, ముందుకు జరుగుడు, మళ్ల నూకుడు. మెడ వెనుకకు తిప్పీ తిప్పీ కొయ్యబారింది. నేను పాడుచేసిన పది గజాల మీద జొన్న చొప్ప పరవాలన్న. సూపరింటెండెంటు గారు బూట్లు విడిచి, బురదల దిగి, తన చేతులతోనే మోపులు మోసిండ్రు. ముప్పావుగంటల అవతలి కొస తేలింది. మహబూబ్ భాయ్ బిస్మిల్లా అనుకుంట లారీని మెల్లగ ఎక్కించిండు. చొప్ప మీద ఒక్కపారి ఊగింది, అంతే. పెద్ద రోడ్డెక్కి మలుపు తిరిగేదాకా నిలవడి చూసిన.

సాయవ్వ బతికింది. కాలు కూడ నిలిచింది గని జర పొట్టిగయింది. వానకాలం పోయినంక కట్టెపట్టుకొని మళ్ల గోదాం పనికొచ్చింది. ఆ ఇరవై నిమిషాలు నా కడుపుల ముల్లులెక్క ఉండె. ఒకనాడు చెప్పేసిన. "సాయక్కా, గానాడు తొందరల నేనే బాట పాడుచేసిన. లేకుంటే ఇంకా జల్ది పోతుంటివి."

ఆమె చాట పక్కకు వెట్టింది. "గది నాకెట్ల తెలుస్తది తమ్మీ? నేను పండుకొని నీ బండి చప్పుడే ఇన్న. నడుమ చప్పుడు ఆగింది. ఇగ ఇడిసిపెట్టి పోయిండు అనుకున్న, కండ్లు మూసుకున్న. మళ్ల చప్పుడయ్యేదాకా నాకు పానం లేదు."

ఇంజన్ ఆపింది పనిని సక్కదిద్దుకోవడానికే. కని లారీల ఉన్న మనిషికి ఆ సంగతి చెప్పాలన్న సోయి నాకు లేకపోయె. తర్వాత చానామందికి ట్రాక్టర్ నేర్పిన. మొదటి రోజే రెండు మాటలు చెప్పేటోణ్ని. బ్లేడ్ దించే ముందు కిందికి దిగి, ఏం తియ్యాల్నో కాదు, ఏం మిగల్చాల్నో చూడు. నడుమల ఇంజన్ ఆపాల్సి వస్తే, నీ కోసం ఎదురుచూసేటోళ్ల కాడికి పోయి ఎందుకు ఆపినవో చెప్పి రా.