మనవళ్ల కాలపు వానలు

రుతుపవనాల మీద పరిశోధన చేసే జెబాను ఏదడిగినా, ముందు కళ్లజోడు తీసి చున్నీ అంచుతో తుడుచుకుని, ఆ తర్వాతే నోరు విప్పుతుంది. సెలవుకు సొంతూరు మాచవరం వస్తే మిరప కల్లాల దగ్గర అందరిదీ ఒకటే ప్రశ్న: "రేపు వానొచ్చుద్దా అమ్మా?" "రేపటి సంగతి నాకు తెలీదు బాబాయ్. నేను లెక్కగట్టేది మీ మనవళ్ల కాలపు వానల్ని" అంటుంది. వాళ్లు నవ్వేసి పోతారు.

ఈసారి అకాల వాన పడింది. పక్కింటి శివరామయ్యతో కలిసి ఆమె పట్టాలు కప్పేలోపే ఆరబోసిన కాయలన్నీ తడిసిపోయాయి. ఆయన గుప్పెడు కాయలు పిండి, కింద పడేశాడు. "రేపటి సంగతి పోనీ. మా మనవడూ సేద్యమే చేస్తానంటన్నాడు. వాడి కాలానికి వానలెట్టుంటయ్యో చెప్పు తల్లీ."

అది జెబాకు తెలుసు. కళ్లజోడు తీసింది. అద్దాల మీద చుక్క మిగలకపోయినా తుడుస్తూనే ఉంది.