ఇంకో రొట్టె

షోలాపూర్ భవాని పేట్‌లో ఉండేవాళ్లం. అప్పటికే నాకు నలభై దాటాయి. పెద్ద కూతురు కడుపుతో ఉందని దాని అత్తగారింటి నుంచి కబురొచ్చిన నెలలోనే నాకూ నెల తప్పింది. మా అత్తకూ మా ఆయనకూ తప్ప ఎవరికీ చెప్పలేదు.

వాకిట్లో ఆడవాళ్లమంతా కూర్చుని బీడీలు చుట్టేవాళ్లం. ఆకూ తంబాకూ పోసిన చేట అందరికీ ఒళ్లోనే ఉంటుంది. నేను దాన్ని పొట్టకు ఆనించుకుని, పెరుగుతున్న కడుపును నాలుగు నెలలు దాచాను.

ఒక మధ్యాహ్నం చుడుతుండగానే నడుము పట్టేసింది. లేచేసరికి చీర నెత్తురుతో తడిసిపోయింది. అత్త గబగబా లోపలికి తీసుకెళ్లింది. అంతా అయిపోయాక, తలుపు దగ్గరికేసి చెప్పింది.

"ఏడ్వకు, బయటికి ఇనవడ్తది. బిడ్డ కడుపుతోని ఉండంగ తల్లి గూడ కన్నదంటే నలుగుర్ల ఇజ్జత్ ఉంటదా? దేవుడే సూసిండు."

కొంగు నోట్లో కుక్కుకున్నాను.

సాయంత్రం మగ్గాల కార్ఖానా నుంచి వచ్చిన మా ఆయనకు అత్తే చెప్పింది. ఆయన కాళ్లు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు.

"పోనీ తియ్, మంచిదే అయింది" అన్నాడు.

చాలా రోజుల తర్వాత ఆ పూట ఆకలిగా తిన్నాడు. ఇంకో జొన్నరొట్టె అడిగాడు. కాల్చి వేసింది నేనే.

ఇప్పుడు కుంభారి కాలనీలో ఉంటున్నాను. పోయినేడు మా ఆయన పోయాడు. శవం పక్కన ఇరుగుపొరుగు ఆడవాళ్లు నన్ను పట్టుకుని ఒకటే బతిమాలారు.

"ఏడువు అవ్వా, లోపల పెట్టుకోకు."

నాకు ఆ రొట్టె గుర్తొచ్చింది. ఏడుపు రాలేదు.