రాయి పక్కన తాతయ్య

సమాధుల ఫోటోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టడం టైలర్ తాతయ్యకు సరదా. ముందుచూపెక్కువై తన సమాధి రాయి కూడా చెక్కించుకుని, చనిపోయిన సంవత్సరం వేసే చోటు మాత్రం ఖాళీగా వదిలాడు. ఎవరో దాన్ని ఫోటో తీసి, అదే సైట్‌లో తాతయ్య పేరున పేజీ తెరిచి చనిపోయినవాళ్లలో కలిపేశారు.

"తీయించెయ్యండి, అపశకునం," అంది నానమ్మ.

"ఆగవే. నాతో మాటలు మానేసిన తమ్ముడు ఆ పేజీలో పువ్వు బొమ్మైనా పెడతాడేమో చూద్దాం."

తమ్ముడు పువ్వు పెట్టలేదు. ఆ శ్మశానంలో ఫోటోలు తీసి సైట్‌లో పెట్టే మనిషికి, ఆ మనిషి అన్నయ్యేనని తెలియక, కబురు పంపాడు.

"రాయి మీద చనిపోయిన సంవత్సరం కనబడట్లేదండీ. మావాడు నిజంగా పోయాడా? ఖాయమైతే మందు పార్టీ ఇవ్వాలి. ఇంకో ఫోటో పంపండి."

తాతయ్య తల దువ్వుకుని, కట్టుడు పళ్లు పెట్టుకుని, రాయి పక్కన నవ్వుతూ ఫోటో దిగి పంపాడు. ఇంటికొచ్చి పళ్లు తీసి గ్లాసులో వేసి, భోజనం వద్దన్నాడు.